మూట విప్పకుండా తీసుకురండి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభలో ఉన్న పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. అపురూప గ్రంథాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ రాజుగారి బంగారు పూత ప్రతి గురించో, వేలంలో లక్షలు పలికిన పుస్తకం గురించో చెబుతానని మీలో కొందరు అనుకుని ఉంటారు. అలా అనుకుని వచ్చినవారు నన్ను మన్నించాలి. హైదరాబాదులో ఒక పరిశోధన గ్రంథాలయంలో ముప్పై ఏళ్లకు పైగా పాత పుస్తకాలకు, కాగితాలకు జాబితాలు రాసిన మనిషిని నేను. ఆ పనిలో నాకు మొదట తెలిసివచ్చింది ఏమిటంటే, పాతదనం వేరు, అపురూపత వేరు.

1880ల్లో మద్రాసులో అచ్చయిన భాగవతం మీ ఇంట్లో ఉందనుకోండి. అది పాతదే, కళ్లకద్దుకోవలసినదే. కాని వావిళ్ల వారు 1854లోనే అచ్చుకూటం పెట్టి పురాణాలను, కావ్యాలను ఇంటింటికీ చేర్చారు కనుక అటువంటి ప్రతి వెతికితే మరో చోట దొరుకుతుంది. అదే, 1931లో మన దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది కదా, ఆ సభకు సంబంధించిన ఆహ్వాన పత్రమో, భోజనాల ఖర్చు రాసుకున్న చిట్టా కాగితమో మీ తాతగారి సందూకలో బట్టల అడుగున పరిచి ఉంటే? అది భాగవతం కన్నా దాదాపు యాభై ఏళ్లు చిన్నది. అయినా గ్రంథాలయంలో నేను ముందు చేతికి తీసుకునేది ఆ చిట్టా కాగితాన్నే.

ఎందుకు? దీనికి కారణం ఒక చట్టంలో ఉంది. కొంచెం ఓపికగా వినండి, ఇది మన జిల్లాకు బాగా దగ్గర విషయం. 1867లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అచ్చయిన ప్రతి పుస్తకానికీ నిర్ణీత సంఖ్యలో ప్రతులు ప్రభుత్వానికి అప్పగించవలసి ఉండేది. ప్రభుత్వం మూడు నెలలకొకసారి ఆ పుస్తకాల పట్టిక అచ్చు వేయించేది. పుస్తకం పేరు, రచయిత, భాష, అచ్చుకూటం, పుటలు, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, ఇవన్నీ అందులో ఉండేవి. ఆ చట్టం పుస్తకాల మీద కన్నేసి ఉంచడానికి పుట్టిందే తప్ప సరస్వతీ సేవ కోసం పుట్టలేదు. అయినా దాని పుణ్యమా అని మద్రాసు, రాజమండ్రి, బెజవాడల్లో అచ్చయిన ప్రతి చిన్న శతకానికీ ఎక్కడో ఒక చోట ఆనవాలు మిగిలింది. మరి నల్లగొండలో అచ్చయిన దానికి? పాలమూరులో అచ్చయిన దానికి? మనది నిజాం రాజ్యం. ఆ చట్టం ఇక్కడ చెల్లేది కాదు.

ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఆ రోజుల్లో చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా కృష్ణా జిల్లా కింద, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. కాబట్టి మునగాలలో ఎవరైనా పుస్తకం అచ్చు వేస్తే అది ఆ పట్టికలోకి ఎక్కవలసిందే. పక్కనే ఉన్న కోదాడలో వేస్తే అక్కర లేదు. నడిచిపోయే దూరంలో ఉన్న రెండు ఊళ్లలో ఒక ఊరి పుస్తకానికి జనన ధ్రువపత్రం ఉంటుంది, మరొక ఊరి పుస్తకానికి ఉండదు. కనుక ఆ రోజుల్లో మన ప్రాంతంలో పుస్తకాలకు చట్టపరమైన భాండాగారం లేదు. ఉన్నవి రెండే, ప్రజలు పెట్టుకున్న గ్రంథాలయాలు, మీ ఇళ్ల అటకలు. మన ప్రాంతానికీ వర్తించేలా పుస్తకాలను జాతీయ గ్రంథాలయానికి పంపాలన్న చట్టం 1954లో గాని రాలేదు.

ప్రజలు పెట్టుకున్న గ్రంథాలయాలన్నాను. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఎవరి ఇంట్లో మొదలైంది? రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో. ఆయన మన నల్లగొండ జిల్లావారు. ఆయనతో కలిసి నడిచినవారు మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారు, ఆ సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావుగారు. ముగ్గురికి ముగ్గురూ ఈ నేలతో ముడిపడినవారే. హైదరాబాదు గ్రంథాలయం అని మనం దూరంగా చూస్తాం గాని, దాని వేళ్లు తవ్వితే ఇటువైపే వస్తాయి.

ఇక మన ఊరి అచ్చు సంగతి. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండ నుంచి నీలగిరి అనే వారపత్రిక నడిపారు. అదే ఏడాది ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రిక తెచ్చారు. కచేరీల్లో, బడుల్లో ఉర్దూ నడుస్తున్న రోజుల్లో తెలుగు అక్షరాలు పేర్చి వారం వారం పత్రిక తీయడం అంటే ఊహించండి. అయితే పత్రిక కాగితానికి పుట్టుకతోనే ఒక జబ్బు ఉంటుంది. పాత రోజుల్లో గుడ్డ పీలికలతో కాగితం చేసేవారు, అది మూడు వందల ఏళ్లయినా మెత్తగా ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నుంచి కర్ర గుజ్జుతో చేయడం మొదలుపెట్టారు. చవక అయింది. కాని కర్రలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, అది వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. సిరా పీల్చకుండా కాగితపు గుజ్జులో పటిక, రోజిన్ కలిపేవారు. రోజిన్ అంటే దేవదారు జాతి చెట్ల జిగురు. ఆ పటిక వల్ల కాగితంలో ఆమ్లం పుడుతుంది. బయటి నుంచి ఏ పురుగూ రాకుండానే కాగితం లోపలి నుంచి తనను తాను తినేస్తుంది. అందుకే 1922 నాటి పత్రిక మడత పెడితే అప్పడంలా విరుగుతుంది, 1820 నాటి దస్తావేజు మాత్రం ఇంకా వంగుతుంది.

ఉత్తరాల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా మనసు ఎక్కువగా అక్కడే ఉంటుంది. మన సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణంలో కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వస్తే, దానికి సమాధానంగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఈ కథ మీ అందరికీ తెలుసు, పాఠ్యపుస్తకాల్లో ఉంది. నేను అడిగేది వేరు. ఆ 354 మంది వివరాలు ఆయన చేతికి ఎలా చేరాయి? ఫోన్లు లేవు. చాలా ఊళ్లకు బస్సు లేదు. పత్రికలో ప్రకటన చూసి, ఒకరి నోట ఒకరు విని, అలంపురం నుంచి, ఆత్మకూరు నుంచి, దేవరకొండ నుంచి టపాలో పంపిన కాగితాల మీద ఆ సంచిక నిలబడింది. మీ ముత్తాత పద్యం అందులో ఉంటే, ఆయన పంపేముందు రాసుకున్న చిత్తుప్రతి మీ ఇంట్లో ఉండే అవకాశం ఉంది. చిత్తుప్రతిలో కొట్టివేతలు ఉంటాయి. ఏ మాట రాసి ఏ మాట కొట్టేశాడో అచ్చు పుస్తకం చెప్పదు, చిత్తుకాగితం చెబుతుంది.

పాత ఉత్తరం చేతికి వస్తే ముందు అడిగే ప్రశ్న, ఇది ఎప్పటిది? మనవాళ్లు తేదీ వేయరని అంటారు. అది తప్పు. వేస్తారు, మనకు చదవడం రాదు. ఒకే ఉత్తరం మీద మూడు లెక్కలు కనిపిస్తాయి. పైన సంవత్సరం పేరు, మాసం, తిథి ఉంటాయి. పక్కన ఫసలీ, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరాల లెక్క, ఉంటుంది. తపాలా ముద్ర మీద ఇంగ్లీషు లెక్క ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఫసలీని మార్చడం సులువే. నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది కనుక, ఏడాది చివరి మూడు నెలలకైతే 590, మిగతా నెలలకైతే 591 కలపాలి. 1338 ఫసలీ అంటే 1928 అక్టోబరు నుంచి 1929 అక్టోబరు దాకా. ఈ 1338 మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది. సభలకు ముందుగా సర్కారు అనుమతి ఉండాలన్న ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53, ఆ ఏటిదే. గ్రంథాలయ వార్షికోత్సవం జరుపుకోవాలన్నా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చిన రోజులవి.

సంవత్సరం పేరు మాత్రమే ఉంటే అసలు తమాషా మొదలవుతుంది, ఎందుకంటే అరవై ఏళ్లకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. ఒకసారి మహబూబ్‌నగర్ వైపు నుంచి ఒక కార్డు వచ్చింది. కీలక నామ సంవత్సరం అని ఉంది, మరే ఆధారమూ లేదు. తపాలా బిళ్ల ఉన్న మూల చెదలు తినేసింది. కీలక అంటే 1848 కావచ్చు, 1908 కావచ్చు, 1968 కావచ్చు. ఏది? మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒక నిమిషం చూసి చెప్పింది. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది, కాబట్టి 1848 పోయింది. లోపల ఇంటి ఖర్చు అణాల్లో, పైల్లో లెక్క కట్టారు, పన్నెండు పైలకు అణా చొప్పున. దశాంశ నాణేలు 1957లో వచ్చాయి, అవి వచ్చిన పదకొండేళ్ల తర్వాత ఎవరూ అలా లెక్క కట్టరు. మిగిలింది 1908. నేను అప్పటికి ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ అమ్మాయికి ఇరవై రోజులు. తిథి, వారం కూడా ఉంటే పని ఇంకా తేలిక. స్వామికన్ను పిళ్ళైగారు లెక్కగట్టిన పంచాంగ పట్టికల్లో చూస్తే ఆ తిథి ఆ వారం నాడు ఏ ఏట పడిందో తేలిపోతుంది.

ఉత్తరంలో విషయం ఏముంటుందండీ, అందరూ క్షేమం అని రాస్తారు, అంటారు. నిజమే, మొదటి మూడు పంక్తులు అందరివీ ఒకటే. కాని నాలుగో పంక్తి నుంచి జొన్నల ధర ఉంటుంది, పల్లా ఎంతకు అమ్మారో ఉంటుంది, వెట్టికి ఎవరిని పట్టుకుపోయారో ఉంటుంది, ఊళ్లో గత్తర, అంటే కలరా, తగిలి ఎంతమంది పోయారో ఉంటుంది. సర్కారు జరీదాలో, అంటే గెజెట్‌లో, ఇవి దొరకవు. ఇక ఆడవారి ఉత్తరాలు మన సేకరణల్లో చాలా తక్కువ. రాయలేదని కాదు. ఆస్తి తగాదాల్లో పనికి వస్తాయని మగవారి ఉత్తరాలు దాచారు, పుట్టింటికి రాసిన కార్డులు పొయ్యి రాజేయడానికి పోయాయి. ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు నకలు కాగితం పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెడతాం కదా, నాయనమ్మ రాసిన కార్డును ఎక్కడ పెట్టాం? నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, మా ఇంట్లోనూ అదే జరిగింది.

తాటాకుల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళతాను, దాని గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానాలు పండితులను పోషించాయి కనుక పాలమూరు వైపు తాళపత్రాలు ఎక్కువ. గద్వాలను విద్వద్గద్వాల అని ఊరికే అనలేదు. జటప్రోలు సురభి మాధవరాయలు స్వయంగా చంద్రికా పరిణయం రాసిన కవి. కపిలవాయి లింగమూర్తిగారు నాగర్‌కర్నూలులో కూర్చుని ఈ ప్రాంతపు గ్రంథాలను, స్థల చరిత్రలను ఎంత శ్రద్ధగా వెలికి తీశారో ఇక్కడ చాలామందికి తెలుసు. తాటాకు మీద గంటంతో గీసేటప్పుడు సిరా ఉండదు, గీత మాత్రమే పడుతుంది, తర్వాత పసరు, మసి పూసి తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఆకుల మీద ఏమీ కనిపించకపోతే ఖాళీ అనుకోకండి, పక్క నుంచి దీపం పెట్టి చూడండి. మాటల మధ్య ఎడం ఉండదు, ఎకారానికీ ఏకారానికీ తేడా చూపరు, మొదట్లో కష్టమే. చివరి ఆకు మాత్రం తప్పక చూడాలి. రాసినవాడు తన పేరు, ఊరు, సంవత్సరం చెప్పుకునేది అక్కడే. చాలామంది లేఖకులు అక్కడ ఒక శ్లోకం కూడా వేస్తారు:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి ఇవ్వకు అని పుస్తకమే మనతో చెబుతోంది. ఆ నాలుగో మాటలోని మూర్ఖుణ్ణి నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చినిగిన ముఖపత్రం ఒకటి కనిపిస్తే, ఎవరూ చెప్పకుండానే ఎంతో ప్రేమగా సెల్లోటేపు అంటించాను. పదేళ్ల తర్వాత ఆ పుస్తకం మళ్లీ నా చేతికి వచ్చింది. టేపు ఊడిపోయింది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు చారగా మిగిలింది, ఆ చార సరిగ్గా దాత సంతకం మీద ఉంది. ఇంతకన్నా పెద్ద నష్టం మరొక చోట చూశాను, ఆ సంస్థ పేరు చెప్పను. పాత పుస్తకాలన్నీ ఒకే కొలతలో అందంగా ఉండాలని బైండింగుకు ఇస్తే, అంచులన్నీ కత్తిరించి తెచ్చారు. ఆ అంచుల్లో ఒక పండితుడు జీవితమంతా రాసుకున్న పాఠభేదాలు ఉన్నాయి. సగం సగం అక్షరాలు మిగిలాయి.

ఇక బొమ్మలు. పాత ఇళ్లలో గోడలకు లక్ష్మి, సరస్వతి పటాలు ఉంటాయి. అవి రవివర్మ చేత్తో వేసినవని నమ్మి నా దగ్గరికి తెచ్చినవారు ఎందరో. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుకూటం పెట్టించి తన చిత్రాలను రాతి అచ్చులో రంగురంగులుగా వేయించారు, తర్వాత వాటికి నకళ్లు, నకళ్లకు నకళ్లు వచ్చాయి. ఎలా తెలుసుకోవాలి? ఒక భూతద్దం చాలు. అద్దం కింద చుక్కలు చెదురుమదురుగా, ఒక్కో రంగు ఒక్కో తీరుగా ఉంటే అది రాతి అచ్చు. చుక్కలు జల్లెడ కన్నుల్లా వరుసగా ఉంటే ఫోటో నుంచి తీసిన తర్వాతి కాలపు అచ్చు. అక్షరాలకు పరీక్ష వేరు. కాగితం వెనక వేలితో తడమండి. సీసపు అక్షరాలతో వేసినదైతే వేలికి గరుకు తగులుతుంది, రాతి అచ్చు అయితే నున్నగా ఉంటుంది. హైదరాబాదు రాజ్యపు పాత ఉర్దూ పుస్తకాలు, జరీదాలు చాలావరకు నున్నగానే ఉంటాయి. నస్తాలీఖ్ లిపి వాలుగా, ఒక అక్షరం మీదికి ఒకటి ఎక్కుతూ పోతుంది కాబట్టి సీసపు అచ్చులకు లొంగలేదు, ఖుష్‌నవీసులు, అంటే అందంగా రాసే లేఖకులు, చేత్తో రాసింది రాయి మీదికి ఎక్కించేవారు. అందుకని మీ ఇంట్లో ఉర్దూ కాగితం చేతిరాతలా కనిపిస్తే తొందరపడి చేతిరాత అనకండి. వెనక తడమండి, ముందు అద్దం పెట్టండి.

ఇందాక చాయ్ తాగేటప్పుడు ఒక యువకుడు అడిగారు, అన్నీ స్కాన్ అయి అంతర్జాలంలో ఉన్నాయి కదా, అసలు ప్రతులు ఎందుకు అని. మంచి ప్రశ్న. స్కాన్ కావాలి, నేను రోజూ వాడతాను. కాని ఈ శతాబ్దం మొదట్లో వేల తెలుగు పుస్తకాలను హడావిడిగా స్కాన్ చేసినప్పుడు ఏం జరిగిందో ఆ ఫైళ్లు తెరిస్తే తెలుస్తుంది. ఖాళీ పుటలు వదిలేశారు, అట్టలు వదిలేశారు, మడత పటాలు విప్పలేదు. ఖాళీ పుట మీదే కదండీ ఫలానా ఊరి గ్రంథాలయానికి ఫలానావారు తమ తల్లి జ్ఞాపకార్థం ఇచ్చారని రాసి ఉండేది! ఆ గ్రంథాలయం ఇవాళ ఉండకపోవచ్చు. అది ఉండేదని చెప్పే సాక్ష్యం ఆ రబ్బరు ముద్ర ఒక్కటే కావచ్చు. పాఠం ఎక్కడైనా దొరుకుతుంది, ఆ ముద్ర ఆ ఒక్క ప్రతి మీదే ఉంటుంది.

అందుకే మిమ్మల్ని ఒక్కటి కోరుతున్నాను. పుస్తకాన్ని, దాని లోపల ఉన్న కాగితాలను వేరు చేయకండి. భారతంలో ఆదిపర్వం దగ్గర ఒక రశీదు పెట్టి ఉంటే, అది ఎన్నో పుట దగ్గర ఉందో రాసుకుని అక్కడే ఉంచండి. ఎండలో ఆరబెట్టకండి. ప్లాస్టిక్ కవరులో కట్టకండి, తేమ లోపలే ఉండిపోతుంది. ఫెవికాల్ వద్దు, టేపు వద్దు, నా అనుభవం చెప్పాను కదా. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గోడకు ఆనకుండా, నేలకు తగలకుండా, కాస్త గాలి ఆడే చోట పెట్టండి. మన పెద్దలు వేప ఆకు, వస కొమ్ము వేసేవారు, అవి మంచివే, కాగితానికి తగలకుండా గుడ్డ బయట ఉంచితే చాలు. తాటాకులకు నిమ్మగడ్డి నూనె పూస్తారని విని ఇంట్లో మీరే పూయకండి. కాగితానికైతే అసలే వద్దు.

రేపు ఉదయం పది గంటల నుంచి ఈ చదువుగదిలోనే ఒక బల్ల, భూతద్దం, దీపం పెట్టుకుని నేను కూర్చుంటాను. మీ ఇంట్లో ఉన్నవి తీసుకురండి. ఏదీ మేము తీసుకోము, చూసి, ఏమిటో చెప్పి, మీరు ఒప్పుకుంటే ఫోటో తీసి, మీది మీకే ఇచ్చేస్తాము. ఒక్క షరతు. దుమ్ము దులిపి, మంచివి ఏరి, చెత్త అనుకున్నవి పారేసి తేకండి. ఏది చెత్తో రేపు ఇద్దరం కలిసి చూద్దాం. మూట ఎలా ఉంటే అలాగే, విప్పకుండా, చుట్టిన గుడ్డతో సహా తీసుకురండి. గుడ్డ మీద కూడా ఒక్కోసారి పేరు రాసి ఉంటుంది.